పలకలు కొనే ముందు వాటం చూడండి

కోనసీమ పల్లెల్లో ఒకప్పుడు ఎడ్లబండి నిలిపిన చోట ఇప్పుడు కారో, ట్రాక్టరో, రెండు మోటారు సైకిళ్లో నిలుస్తున్నాయి. షెడ్డు వేశాక నేల సంగతి వస్తుంది. మట్టి నేల అయితే మొదటి వానకే బురద. నున్నటి గచ్చు అయితే తడికాలితో అడుగుపెట్టిన పెద్దవాళ్లు జారి తుంటి విరగ్గొట్టుకుంటారు. అందుకే ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకునే చిల్లుల ప్లాస్టిక్ పలకల మీద పల్లెవాసుల చూపు పడుతోంది. సిమెంటు అక్కర్లేదు, మేస్త్రి అక్కర్లేదు, ఇంట్లో వాళ్లే పూటలో పరుచుకోవచ్చు. నీళ్లు పోస్తే చిల్లుల్లోంచి దిగిపోతాయి. పైన పొడిగా ఉంటుంది.

దిగిన నీళ్లు ఎక్కడికి పోతాయన్నదే అసలు ప్రశ్న. పలక కింద చిన్న చిన్న కాళ్లుంటాయి. వాటి మధ్య సందుల్లోంచి నీరు పారాలి. కింది నేలకు వాటం ఉంటేనే అది పారుతుంది. లేకపోతే అక్కడే నిలుస్తుంది. పైకి కనబడదు గనుక ఎవరూ పట్టించుకోరు. పదిరోజుల తర్వాత ఒక పలక ఎత్తి చూస్తే నాచు, బురద, కంపు. నిలిచిన నీటిలో దోమ గుడ్డు పెట్టిందంటే వారం, పది రోజుల్లో కొత్త దోమ లేస్తుంది. డబ్బు పెట్టి ఇంట్లో దోమల చెరువు కట్టుకున్నట్టే.

కాబట్టి దుకాణానికి వెళ్లే ముందు షెడ్డులో నాలుగు బిందెల నీళ్లు కుమ్మరించండి. గంట తర్వాత చూడండి. నీరు నిలిచిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయండి. ఆ గుంటలు పూడ్చి, గుమ్మం వైపుకో కాలువ వైపుకో వాటం తెచ్చాకే పలకల మాట. అడుగుకు పావు అంగుళం చొప్పున వాలు ఉంటే చాలు. 18 అడుగుల షెడ్డుకు ఒక కొస నుంచి రెండో కొసకు నాలుగున్నర అంగుళాల తేడా అన్నమాట. బండిని గేరులో పెట్టి నిలపడం మంచిది. వాటం కంటితో అంచనా వేయవద్దు. మేస్త్రి దగ్గరుండే నీటి గొట్టం పట్టించి చూడాలి.

ఇక్కడే మన ఊళ్లకు మరో చిక్కు ఉంది. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరిగి ఇళ్లు పల్లమవుతున్నాయి. షెడ్డు రోడ్డుకంటే కిందికి పోతే వీధి నీరే లోపలికి వస్తుంది. అలాంటి చోట ఎంత ఖరీదైన పలక పరిచినా దండగే. ముందు నేలను కంకర, గ్రావెలు పోసి ఎత్తు చేయాలి. అది కుదరకపోతే గేటుకు అడ్డంగా ఇనుప జాలీ వేసిన కాలువ కట్టి నీటిని పక్కకు మళ్లించాలి. ఇంకుడు గుంత తవ్వితే సరిపోతుందనుకునేవారు ఒక్కటి గమనించాలి. భూగర్భ జలం పైపైనే ఉండే చోట్ల వానల్లో గుంతే నిండిపోతుంది.

ఇక ఏ పలక? కారు, మోటారు సైకిలు మాత్రమే నిలిపేవారికి పాలీప్రొపిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ పలక పనికొస్తుంది. నూనె పడినా తుడిస్తే పోతుంది. పీవీసీ పలకల మీద వేడెక్కిన టైరు నిలిస్తే చారలు పడి పోకుండా ఉండవచ్చు. పిల్లలు ఆడుకునే మెత్తటి నురుగు పలకలు కూడా చూడ్డానికి ఇలాగే అతుక్కుంటాయి, బండి కిందకు మాత్రం అవి పనికిరావు. ఒక నమూనా పలక తెచ్చి, మోటారు సైకిలు పక్క స్టాండు దాని మీద ఆనించి రెండు రోజులు ఎండలో ఉంచండి. గుంట పడినా, కొక్కెం ఊడినా వదిలేయండి. ఎండకు ప్లాస్టిక్ సాగుతుంది గనుక పరిచేటప్పుడు గోడల దగ్గర అర అంగుళం ఖాళీ వదలాలి. లేకపోతే వేసవిలో మధ్యలో పొంగి లేస్తుంది.

ట్రాక్టరు ఉన్న రైతు ప్లాస్టిక్ జోలికి పోకపోవడమే మంచిది. దమ్ముకు వాడే ఇనుప చక్రాల కింద అది నిలవదు. సిమెంటు ఇటుకలు, అంటే పేవర్ బ్లాకులు, మేలు. భారతీయ ప్రమాణం ఐఎస్ 15658 ప్రకారం తేలిక వాహనాలకు 60 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. ట్రాక్టరుకు 80 మిల్లీమీటర్లవి అడగాలి. జిగటమట్టి మీద నేరుగా పరిస్తే ఒక్క వానాకాలంలోనే కుంగుతాయి. మట్టి తీసి, గ్రావెలు, కంకర పోసి దిమ్మిస కొట్టి, పైన అంగుళం, అంగుళంన్నర ఇసుక సర్ది అప్పుడు పరవాలి. నాలుగు వైపులా సిమెంటు కట్టు లేకపోతే ఇటుకలు పక్కలకు జరిగిపోతాయి. ఇనుప చక్రాలను మాత్రం షెడ్డు బయటే విప్పి లోపలికి రావడం మేలు. వాటి కింద ఏ ఇటుక అంచయినా చెక్కుకుపోతుంది.

చేతిలో డబ్బు తక్కువైతే వాటం పెట్టి, చీపురుతో గీతలు గీసి గరుకు చేసిన సిమెంటు గచ్చు ఒక్కటే చాలు. దాని మీద బండి కడిగే మూలలో, మనుషులు దిగే చోట నాలుగు వరుసలు పలకలు వేసుకోవచ్చు. షెడ్డంతా పరవాలంటే లెక్క తేలికే. 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు అయితే అడుగు పలకలు 216 కావాలి. కోతలకు, విరుగుళ్లకు మరో పది, పన్నెండు కలుపుకోండి. తర్వాత కొందామంటే అదే కొక్కెం, అదే రంగు దొరుకుతుందన్న నమ్మకం లేదు.

ఇంజను నూనె, డీజిలు చుక్కలు చిల్లుల్లోంచి దిగి కంటికి కనబడకుండా పోతాయి. అవి నీటితో కలిసి తాగునీటి బోరు వైపు పోకూడదు. నూనె కారే బండి కింద రేకు పెట్టండి. పడిన నూనె మీద ఊక గానీ రంపపు పొట్టు గానీ చల్లి ఎత్తేశాకే కడగండి. పల్లపు మూలన ఒక పలకను కొక్కెం వేయకుండా వదిలేస్తే వారానికోసారి దాన్ని ఎత్తి కింద నీరుందో లేదో చూసుకోవచ్చు. చీపురు కూడా అక్కడి నుంచే లోపలికి పోతుంది.