ఏ స్టేషనులో దిగాలి? ఏ టిక్కెట్టు కొనాలి?

మా కేసముద్రం స్టేషనులో "హైదరాబాదుకు ఒకటి" అని టిక్కెట్టు అడిగే విద్యార్థి మిత్రులు ఒక సంగతి గమనించాలి. రైల్వేవారి లెక్కలో హైదరాబాదంటే నాంపల్లి. సికింద్రాబాదు వేరు, కాచిగూడ వేరు. 2025లో చర్లపల్లి టెర్మినల్ కూడా వచ్చి చేరింది. లండన్, పారిస్ నగరాల్లోనూ ఇదే తీరు. ఒక్కో దిక్కు బళ్ళకు ఒక్కో స్టేషను.

కాబట్టి మన పని ఎక్కడో ముందు తేల్చుకోవాలి. పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసుకు నాంపల్లి దగ్గర. ఉస్మానియాకైతే సికింద్రాబాదులో దిగి, కాచిగూడ వైపు పోయే లోకల్ బండెక్కితే 'ఆర్ట్స్ కాలేజీ' పేరుతోనే స్టేషనుంది. వరంగల్లులోనూ అంతే: ఎం.జి.ఎం. ఆసుపత్రికి వరంగల్ స్టేషను, ఎన్.ఐ.టి.కి కాజీపేట దగ్గర.

ఇక టిక్కెట్టు. ఆర్డినరీ టిక్కెట్టు ఎక్స్‌ప్రెస్‌లో చెల్లదు. సూపర్‌ఫాస్టుకు సర్‌ఛార్జి అదనం. సికింద్రాబాదు మనకు 200 కిలోమీటర్ల లోపే కనుక, జనరల్ టిక్కెట్టు కొన్న 3 గంటల్లోగా గానీ, ఆ తర్వాతైతే మొదటి బండికి గానీ బయలుదేరాలి. టిక్కెట్టు ఏ స్టేషను వరకుంటే అంతవరకే ప్రయాణం. టిక్కెట్టు లేకుండా దొరికితే ఛార్జీతోపాటు కనీసం 250 రూపాయల జరిమానా. ఇంటర్వ్యూకు పోయే పేద విద్యార్థికి అది ఆనాటి భోజనం, సిటీబస్సు ఖర్చు!

కిటికీ దగ్గర బండి పేరు, దిగే స్టేషను పేరు రెండూ చెప్పండి. తెలియకపోతే అడగండి. అడగడం నామోషీ కాదు.