కారు అడుగున ఏముంది?

కారు ఉన్నవాళ్ళు పొద్దున్నే లేచి అద్దాలు తుడుస్తారు, బానెట్ తుడుస్తారు. వంగి అడుగున చూసేవాళ్ళు ఎంతమంది? మేమూ ఎప్పుడూ చూడలేదు. 2023 వేసవి సెలవుల్లో మా హాస్టల్ మిత్రులం ముగ్గురం చాదర్‌ఘాట్‌లో ఒక డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో పనికి కుదిరాము. పుస్తకాలకు నాలుగు డబ్బులు వస్తాయని వెళ్ళాము. డబ్బుతోపాటు ఒక విద్య కూడా దొరికింది. దాన్ని తోటి విద్యార్థులతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

మాకు అప్పగించిన బండి ఒక తెల్ల అంబాసిడర్. దాని యజమాని రిటైరైన డ్రైవరు. ఆ కారు నడిపే పిల్లల్ని చదివించారు. చాదర్‌ఘాట్ మూసీ ఒడ్డున ఉందని మీకు తెలుసు. 1908 సెప్టెంబరు 28 నాటి వరద గురించి హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2020 అక్టోబరులో కూడా మూసీ పొంగి ఒడ్డున ఉన్న బస్తీలు మునిగాయి. అప్పుడు ఈ కారు సీట్ల దాకా నీళ్ళలో నిలిచిందట. "మనవడి పెళ్ళికి ఇందులోనే తీసుకుపోవాలె. అడుగున నల్లరంగు కొట్టి ఇయ్యండి, చాలు" అన్నారు పెద్దాయన.

మా ఉస్తాద్ ఏమీ మాట్లాడలేదు. కారు కిందికి దూరి స్క్రూడ్రైవర్ పిడితో అక్కడక్కడా కొట్టి చూశారు. మంచి రేకు 'టంగ్' అంది. డ్రైవరు సీటు కింద మాత్రం 'థప్' అంది. స్క్రూడ్రైవర్ మొనతో కొద్దిగా నొక్కితే అది రేకులోంచి పైకి వచ్చింది. "ఇది కారు కాదు బేటా, జల్లెడ" అన్నారు.

ఇందులో ప్రమాదం ఏమిటి? లారీకి ఉన్నట్టు అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ చట్రం ఉండదు. ఫ్లోర్ రేకు, తలుపుల కింద ఉండే డొల్ల పట్టీలు, పై బాడీ అన్నీ కలిపి వెల్డింగ్ చేసి ఉంటాయి. ఆ అన్నీ కలిసే బరువు మోస్తాయి. సీటు బోల్టులు బిగించేది కూడా ఆ ఫ్లోర్‌కే. అది పుచ్చిపోతే పైన ఎంత మెరిసినా మేడిపండే.

తుప్పు ఎలా పడుతుంది? ఇనుముకు నీరు, గాలిలోని ఆక్సిజన్ రెండూ తగిలితే అది ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది. నీటిలో ఉప్పులు ఉంటే ఈ పని ఇంకా వేగంగా జరుగుతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న రంగును పొక్కులా లేపుతుంది. ఆ పొక్కులో నీరు నిలిచి, తుప్పు ఇంకా లోపలికి పోతుంది. మా కారు డొల్ల పట్టీలలో నీరు పోయే రంధ్రాలను వరద బురద మూసేసింది. రెండున్నరేళ్ళపాటు ఆ తడి లోపలే ఉండిపోయింది.

ఇక పని వరుస చెబుతాము. మొదట జాకీతో లేపి, కింద గట్టి స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందికి ఎప్పుడూ దూరకూడదు. కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. బ్యాటరీ వైరు తీసి, పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టాలి. లోపల మ్యాట్లు, సీట్లు తీసెయ్యాలి. వెల్డింగ్ నిప్పురవ్వ పడితే అన్నీ అంటుకుంటాయి.

తరువాత బురద కడిగి, గ్రీజు పోయేలా తుడిచి, బాగా ఆరనివ్వాలి. వైరు బ్రష్షుతో తెల్లటి ఇనుము కనబడేదాకా గీకాలి. పుచ్చిన రేకును మంచి రేకు వచ్చేవరకు కోసేసి, కొత్త రేకు ముక్కను వెల్డింగ్ చెయ్యాలి. పుచ్చినదానిపై అతుకు వేస్తే లాభం లేదు. సన్నని గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మందు పూస్తారు. చేతికి గ్లవ్స్ ఉండాలి. ఆ మందు తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. ఢిల్లీ మెహ్రౌలీ ఇనుప స్తంభం దాదాపు 1600 ఏళ్ళుగా నిలిచి ఉండటానికి కారణం కూడా భాస్వరమే. దానివల్ల పైన సన్నని రక్షణ పొర ఏర్పడిందని శాస్త్రజ్ఞులు చెబుతారు.

ఆ తరువాత ప్రైమర్. రెడాక్సైడ్ చౌక, కాని అది ఒక్కటే నీటిని ఆపలేదు. జింక్ ఉన్న ప్రైమర్ ఇంకా మేలు. జింక్ తాను ముందు కరిగిపోయి ఇనుమును కాపాడుతుంది. జీఐ బకెట్ రహస్యం ఇదే. అతుకుల దగ్గర సీలర్ నింపి, అది ఆరాక రబ్బరు లాగా సాగే నల్లటి అండర్‌కోటింగ్ కొట్టాలి. సైలెన్సరు, బ్రేకులు, ప్రొపెల్లర్ షాఫ్ట్, రబ్బరు బుష్షుల మీద అది పడకుండా కాగితం చుట్టాలి. నీరు పోయే రంధ్రాలు తెరిచే ఉంచాలి. చివరకు డొల్ల పట్టీల లోపల మైనం మందు కొట్టాలి.

ఇక్కడ మేము చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒకరోజు గీకడం సాయంత్రానికి పూర్తయింది. ప్రైమర్ రేపు కొడదాంలే అని వెళ్ళిపోయాము. రాత్రి అకాల వాన పడింది. పొద్దున రేకు మీద పలుచగా పసుపు రంగు కనబడింది. ఇంతేగా అని దాని మీదే ప్రైమర్ కొట్టాము. మూడు రోజుల తరువాత ఉస్తాద్ గోటితో గీకితే అది పొట్టులా ఊడింది. "రంగు తుప్పు మీద నిలబడదు బేటా, ఇనుము మీద నిలబడ్తది" అన్నారు. తిట్టలేదు. రెండు రోజులు మళ్ళీ మొదటినుంచి గీకాము. ఆ రెండు రోజుల కూలి మేమే వద్దన్నాము. ఉస్తాద్ ఒకరోజుది బలవంతంగా చేతిలో పెట్టారు.

కారు తీసుకోవడానికి వచ్చినరోజు పెద్దాయన మోకాళ్ళ మీద వంగి అడుగున చూశారు. చాలాసేపు చూశారు. లేచి మా ముగ్గురి భుజాలు తట్టి వెళ్ళారు.

మిత్రులారా, మనకు కార్లు లేవు, ట్రంకు పెట్టెలు ఉన్నాయి. గది కడిగిన నీళ్ళలో వాటి అడుగు ఎలా ఉందో ఒకసారి తిప్పి చూడండి. మేము తిరిగి వచ్చాక మా పెట్టెలు గీకి, రెడాక్సైడ్ కొట్టి, దానిపై ఎనామిల్ పెయింటు వేసి, రెండేసి ఇటుకల మీద పెట్టుకున్నాము. మీ పెట్టెలకు కూడా చేసుకోవాలంటే వైరు బ్రష్షు మా గదిలో ఉంది. ఆదివారం రండి, కలిసి గీకుదాం.