పరీక్షలకు అందని నొప్పీ నిజమైన నొప్పే

న్యూఢిల్లీ: ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో నివసించే తెలుగు కుటుంబాలకు ఎయిమ్స్, సఫ్దర్‌జంగ్ ఆసుపత్రులు అంత దూరమేమీ కాదు. ఆసుపత్రి దగ్గరగా ఉన్నా, కొన్ని బాధలు వైద్యుల ముందు చెప్పుకోవడానికి బిడియం అడ్డువస్తుంది. స్త్రీల జననాంగాల వద్ద దీర్ఘకాలం వేధించే నొప్పి అటువంటిదే.

స్పష్టమైన కారణం కనిపించకుండా మూడు నెలలు, అంతకు మించి కొనసాగే ఈ నొప్పిని వైద్యులు వల్వోడైనియా అంటారు. దాంపత్య కలయిక సమయంలోనే కాక, కొందరికి కూర్చున్నా మంట పుడుతుంది. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో జరిపిన ఒక అధ్యయనం 2003లో వెలువడింది. సుమారు 16 శాతం మంది స్త్రీలు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇటువంటి నొప్పిని అనుభవించినట్లు అందులో తేలింది. వారిలో దాదాపు 40 శాతం మంది చికిత్స కోసం వెళ్లనేలేదు.

మానసిక నిపుణుని కలవమని వైద్యులు సూచిస్తే, అది నొప్పిని కల్పితమనడం కాదు. నొప్పి వస్తుందన్న భయంతో కటి కండరాలు బిగుసుకుంటాయి. ఆ బిగువు నొప్పిని, నొప్పి తిరిగి భయాన్ని పెంచుతాయి. ఈ వలయాన్ని ఛేదించడమే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ లక్ష్యం.

కెనడా మనస్తత్వవేత్త సోఫీ బెర్జెరాన్ బృందం 78 మంది స్త్రీలపై జరిపిన పరిశోధన 2001లో ప్రచురితమైంది. మొదట్లో శస్త్రచికిత్స నొప్పిని ఎక్కువగా తగ్గించింది. రెండున్నరేళ్ల తరువాత చూస్తే, కలయిక సమయంలో నొప్పి విషయంలో ఈ థెరపీ కూడా దానికి సమానంగా నిలిచింది.

భర్త స్పందనకూ ఇందులో పాత్ర ఉందని తరువాతి పరిశోధనలు చెబుతున్నాయి. విసుగు, కోపం నొప్పిని పెంచే దిశగా పనిచేస్తాయి. అతిగా జాలిపడి దూరంగా ఉండిపోవడమూ మేలు చేయదు. నొప్పి కలిగించని సాన్నిహిత్యాన్ని ప్రోత్సహించే భర్తలున్న చోట నొప్పి తక్కువగా, సంతృప్తి ఎక్కువగా కనిపించింది.

ముందుగా స్త్రీవైద్య నిపుణులను సంప్రదించి ఇన్ఫెక్షన్లు, చర్మవ్యాధులు, హార్మోన్ లోపాలు, ఎండోమెట్రియోసిస్ వంటి కారణాలు ఉన్నాయేమో తెలుసుకోవాలి. అవసరాన్ని బట్టి కటి కండరాల ఫిజియోథెరపీ, మందులు, కౌన్సెలింగ్ కలిపి ఇస్తారు. మానసిక ఆందోళనకు కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ లభిస్తుంది.

నొప్పి ఉందని ఒక వ్యక్తి చెబితే ఆ మాటను గౌరవించాలని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనంతో పాటు స్పష్టం చేసింది. ఆ గౌరవం వైద్యుని గదిలోనే కాదు, ఇంట్లోనూ దక్కాలి.