కుందేరుకు తగిన పడవ

చిన్న పడవ కొనాలనుకునేవాళ్లు ముందు ఏటిలో నీళ్లెంత లోతని అడుగుతారు. కుందేరు దగ్గర అంతకంటే ముందు అడగాల్సింది, నీళ్ల కింద ఏముందని.

ఎర్రమల కొండల్లో పుట్టి, నంద్యాల దాటి, కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ ప్రాంతాల మీదుగా దక్షిణానికి సాగి, కమలాపురం దగ్గర పెన్నలో కలిసే ఏరు ఇది. ఈ లోయలోని రాతి పొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లే కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. పలకలుగా విడిపోయే రాయి, విరిగినచోట అంచు పదునుగా ఉంటుంది. గట్లేమో నల్లరేగడి, తడిస్తే పాదాన్నీ పడవనూ ఒకేలా పట్టుకుంటుంది. నీళ్లు మోకాలి లోతుకు తగ్గే నెలల్లో పడవ అడుగు రాతికి ఒరుసుకోకుండా, బురదలో దిగబడకుండా పోవాలి. అందుకే ఇక్కడికి సమతల అడుగు ఉన్న పడవే కావాలి.

లెక్క చాలా సులువు. పడవ తన మొత్తం బరువుకు సమానమైన నీటిని పక్కకు నెట్టేదాకా మునుగుతుంది. అడుగు 3 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు ఉందనుకుందాం. అది ఒక సెంటీమీటరు మునిగితే 30 లీటర్ల నీరు పక్కకు జరుగుతుంది, అంటే 30 కిలోలు తేలతాయి. పడవ 60 కిలోలు, మనుషులిద్దరూ 130, వల, తాడు, తెడ్లు 20: మొత్తం 210 కిలోలు. మునక 7 సెంటీమీటర్లే! అదే పొడవు, నీటిమట్టం దగ్గర అదే వెడల్పు ఉండి, అడుగు మాత్రం కోసుగా ఉన్న పడవైతే 14 సెంటీమీటర్లు దిగాలి. ఎండాకాలపు ఏటిలో ఆ తేడాకే పడవ ముందుకు పోవడమో, దిగి లాక్కుపోవడమో తేలిపోతుంది.

ఈ సూత్రాన్ని మనవాళ్లు ఏనాడో చేతల్లో పెట్టారు. తుంగభద్ర, కృష్ణల మీద చేపలు పట్టేవాళ్ల పుట్టి సమతల అడుగు పడవే, కాకపోతే గుండ్రంగా ఉంటుంది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, తోలు కప్పిన ఇలాంటి బుట్ట పడవల్లో పదిహేను ఇరవై మంది నది దాటేవారని, గుర్రాలనూ ఎద్దులనూ కూడా దాటించేవారని రాశాడు. అడుగు 2.4 మీటర్ల అడ్డం ఉంటే వైశాల్యం సుమారు 4.5 చదరపు మీటర్లు. సెంటీమీటరుకు 45 కిలోలు మోస్తుంది. వెదురు అల్లిక కాబట్టి రాయి తగిలితే కొంత వంగి ఊరుకుంటుంది, ఒక మనిషి వీపున వేసుకుని నడవగలడు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పని చేసే పడవ మరొకటి నాకు తెలియదు. అయితే కుందేరులో దానికొక చిక్కుంది. ఇప్పుడు తోలుకు బదులు టార్పాలినో, ప్లాస్టిక్ పట్టాలో వేసి డాంబరు పూస్తున్నారు. నాపరాయి అంచుకు ఆ పొర నిలవదు. అందుకే ఇక్కడ అల్యూమినియం రేకు పడవో, మందపాటి పాలిథిలీన్ పడవో మేలంటాను. అల్యూమినియం సొట్టపడుతుంది కానీ త్వరగా చిల్లుపడదు; పాలిథిలీన్ గీతలు పడ్డా ఓర్చుకుంటుంది. ఫైబర్ పడవ నునుపుగా పోతుంది, కానీ రాతి దెబ్బకు పగుళ్లిస్తుంది.

ముందు కొస, వెనక కొస కాస్త పైకి లేచి ఉన్నదాన్నే ఎంచుకోవాలి. ముక్కు తిన్నగా ఉంటే బురదగట్టులో గుచ్చుకుంటుంది.

సమతల అడుగు మీద నిలబడి వల విసరొచ్చు. ఒకవైపు ఒరిగితే ఆ వైపు ఎక్కువ భాగం మునిగి, అక్కడి నీరు పైకి నెడుతుంది. ఈ ధీమాయే ప్రమాదకరం. అంచు నీటిమట్టాన్ని తాకేదాకా పడవ గట్టిగా నిలబడి, తాకిన క్షణాన ఒక్కసారిగా తిరగబడుతుంది. లోపల 5 సెంటీమీటర్ల నీరు చేరిందంటే 150 కిలోలు ఎక్కినట్టే, పైగా ఆ నీరు పడవ ఎటు ఒరిగితే అటే పరుగెత్తుతుంది. నీళ్లు తోడే డబ్బా లేని పడవ ఎక్కవద్దు.

మోటారు ఆశ వద్దు. 30 సెంటీమీటర్ల లోతులో అల వేగం గంటకు 6 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. పడవ ఆ వేగానికి చేరేసరికి ముందు నీరు పోగుపడుతుంది, వెనకభాగం దిగి ఫ్యాను రాయికి కొట్టుకుంటుంది. న్యూజిలాండ్‌లో విలియం హామిల్టన్ 1950లలో లోతులేని నదుల కోసమే ఫ్యాను బయటికి లేని జెట్ పడవను తయారుచేశాడు. గుర్రపుడెక్క అల్లుకున్న నీళ్లలో అదీ మూసుకుపోతుంది. మనకు గడకర్ర చాలు. లోతెంతో, కింద రాయో బురదో చేతికి తెలుస్తుంది.

ఈ ప్రాంతపు కర్నూలు-కడప (కె.సి.) కాలువను 1860లలో తవ్వినప్పుడు సాగునీటికే కాదు, పడవలకూ అనుకుని లాకులు కట్టారు. పడవల రాకపోకలు నిలవలేదు, కాలువ మిగిలింది. కుందేరు మీది రాజోలి లాంటి ఆనకట్టల ఎగువన నీరు నిండుగా, నిదానంగా ఉండి పిలుస్తున్నట్టే ఉంటుంది. ఆనకట్ట మీంచి నీరు దూకే రోజుల్లో మాత్రం ఆ ఛాయలకు పోకూడదు. దూకిన నీరు కింద సుడి తిరిగి వెనక్కే లాగుతుంది, ఈత వచ్చినవాణ్ణి కూడా వదలదు.

2019 సెప్టెంబరులో కుందేరు పొంగి నంద్యాల ప్రాంతంలో పొలాలు, దారులు మునిగాయి. వరదలో నీళ్లు రెండు రకాలు. ఏటి నడుమ వేగంగా పారే నీరు ఒకటి. వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లవుతుంది, అక్కడ మన చిన్న పడవకు పనిలేదు. చేలల్లో, వీధుల్లో పరుచుకున్న నిదానపు నీరు రెండోది. వృద్ధుల్నీ పసిపిల్లల్నీ ఇంట్లోంచి తీసుకొచ్చేందుకు అక్కడ ఈ పడవకు మించింది లేదు. చప్టా మునిగి బయటి సాయం ఆగిపోయే గంటల కోసమైనా ఏటి ఒడ్డు ఊరికొక పడవ, నాలుగు లైఫ్ జాకెట్లు, పొడుగాటి తాడు ఉండాలని గట్టిగా కోరుకుంటాను.

కొనేముందు గట్టు పక్క నిలకడ నీళ్లలో దింపి, 50 కిలోల బియ్యం బస్తాలు ఒక్కొక్కటే సమానంగా సర్దించండి. గోడ ఎత్తులో మూడో వంతు మునిగేసరికి ఎన్ని బస్తాలయ్యాయో లెక్కపెట్టండి. ఆ మట్టం దగ్గర చుట్టూ ఎర్రరంగు గీత గీయించి, పక్కన ఎంతమంది ఎక్కవచ్చో పెద్ద అంకెల్లో రాయించండి.