పిల్లలకు పార్కు, పెద్దలకు కృష్ణమ్మ: ముందుగా చూసుకోవలసింది లాంచి సంగతే

జహీరాబాదు: దసరా సెలవులు దగ్గర పడేసరికి ఈ ప్రాంతపు ఇళ్లలో ఒకటే చర్చ. పిల్లలు రామోజీ ఫిలింసిటీ చూపించమంటారు. ఇంట్లో పెద్దలు శ్రీశైలం మల్లన్న దర్శనం అంటారు. రెండింటినీ కలిపి, ఒకటి రెండు రోజులు పిల్లల సంబరం తీర్చి, తరువాత నాగార్జునసాగరం నుండి శ్రీశైలం దాకా కృష్ణానదిలో లాంచిపై పోదామనే ఆలోచన మంచిదే. మూడు రోజుల్లో మూడు తరాల వారి ముచ్చట తీరుతుంది. ఐతే ఈ ప్రయాణానికి లెక్క ఎక్కడ నుండి మొదలుపెట్టాలో తెలియకపోతే డబ్బూ పోతుంది, పిల్లల ముఖాలూ చిన్నబోతాయి. ఒక్కొక్కప్పుడు అంతకన్న పెద్ద ముప్పే రావచ్చు.

చాలామంది ముందుగా పార్కు టిక్కెట్లు కొని, లాంచి సంగతి అక్కడికి పోయిన తరువాత చూసుకుందామనుకుంటారు. ఇది తలక్రిందుల లెక్క. పార్కు ఏడాది పొడుగునా ఉంటుంది. లాంచి మాత్రం నీటిని బట్టి, వాతావరణాన్ని బట్టి నడుస్తుంది. కనుక ముందు లాంచి తేదీ తేల్చుకుని, అక్కడ నుండి వెనక్కు లెక్కించుకుంటూ రావాలి.

నీరు ఉంటేనే లాంచి

సాగరం జలాశయం పూర్తి నీటిమట్టం 590 అడుగులు. పైనుండి వరద వచ్చి జలాశయం బాగా నిండిన సంవత్సరాలలోనే శ్రీశైలం దాకా లాంచి పోతుంది. నీరు తగ్గితే దారిలో రాళ్లు తేలతాయి, లాంచి నడవదు. నీరు లేని సంవత్సరాలలో ఈ ప్రయాణం సాగలేదు కూడా. లాంచీలను నడిపేది తెలంగాణ పర్యాటకాభివృద్ధి సంస్థ. సాగరం నుండి శ్రీశైలం వైపు లింగాలగట్టు దాకా నది మీద సుమారు 110 కిలోమీటర్లు. అయిదారు గంటలు పడుతుంది. ఇరువైపులా నల్లమల కొండలు, మధ్య కృష్ణ.

మామూలుగా వానాకాలం చివర నుండి కొన్ని నెలల పాటు నీరు బాగుంటుంది. జహీరాబాదు రైతుకు ఇదొక చిక్కు. అప్పటికి పెసర, మినుము ఇంటికి వచ్చినా సోయా కోతలు ఉంటాయి. వెనుకనే శనగ విత్తనం. ఆపై చెరకు నరుకుడు మొదలైతే ఇల్లు కదలడం కష్టం. కనుక దసరా సెలవులలోనో, సోయా ఇంటికి చేరి చెరకు కోత ఆర్డరు ఇంకా రాని రోజులలోనో మూడు రోజులు చూసుకోవాలి. బయలుదేరే ముందు రోజు పర్యాటక సంస్థ కార్యాలయానికి ఫోను చేసి, లాంచి ఖాయమా అని అడిగి తెలుసుకోవాలి. పోయిన ఏడు నడిచింది గదా అని ఈ ఏడు నడుస్తుందనుకోరాదు.

ఊరి రోడ్డే దారి

జహీరాబాదు మీదుగా పోయే పెద్దరోడ్డు పుణె నుండి మచిలీపట్నం దాకా పోయే 65వ నెంబరు జాతీయ రహదారి. పాత నెంబరు 9. హైదరాబాదు దాటిన తరువాత ఫిలింసిటీ ఉన్నది కూడా ఈ రోడ్డు మీదే. 1996లో ఏర్పడిన ఈ ఫిలింసిటీ 1,666 ఎకరాలతో ప్రపంచంలోకెల్ల పెద్ద సినిమా స్టూడియోగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. దానిని నెలకొల్పిన రామోజీరావు 2024 జూన్ 8న కన్నుమూశారు.

సొంత బండి, జీపు ఉన్నవారు పటాన్‌చెరు వద్ద అవుటర్ రింగురోడ్డు ఎక్కి శంషాబాదు వైపుగా పోతే నగరంలోని రద్దీ తప్పుతుంది. ఆ దారిలో మూడు దిగుడు స్థలాలు వరుసగా వస్తాయి. రావిర్యాలలో దిగితే వండర్‌లా పార్కు. బొంగుళూరులో దిగితే సాగరం రోడ్డు. పెద్ద అంబర్‌పేటలో దిగితే ఫిలింసిటీ. అవుటర్ రోడ్డు మీదకు మోటారు సైకిళ్లను, ఆటోలను రానివ్వరని గుర్తుంచుకోవాలి.

బస్సులో పోయేవారు హైదరాబాదు బస్సెక్కి మియాపూరులో దిగవచ్చు. అక్కడ మెట్రో రైలు ఎక్కితే నగరం ఈ చివర నుండి ఆ చివర, ఎల్.బి.నగర్ దాకా ఒకే బండి. ఎల్.బి.నగర్ నుండి హయత్‌నగర్ మీదుగా ఫిలింసిటీ వైపు సిటీ బస్సులు ఉన్నాయి. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేదు. ఆధారు కార్డు దగ్గర ఉంచుకుంటే చాలు. ముగ్గురు ఆడవారున్న ఇంటికి ఇది చిన్న మిగులు కాదు.

ఏ పార్కు ఎవరికి?

ముసలివారు, చంటిపిల్లలు ఉన్న కుటుంబానికి ఫిలింసిటీ అనుకూలం. లోపల బస్సులలో తిప్పుతారు, సినిమా సెట్టింగులు, తోటలు చూపిస్తారు. 'బాహుబలి' కోసం వేసిన సెట్టింగు కూడా ఉన్నది. పదిహేను, పదహారేళ్ల పిల్లలున్నవారికి 2016లో ప్రారంభమైన వండర్‌లా నచ్చుతుంది. అక్కడ నీటి ఆటలు, గాలిలో గిరగిర తిప్పే యంత్రాలు ఎక్కువ. ఐతే అక్కడ చూసేది పిల్లవాడి వయసు కన్న ఎత్తును. పెద్ద యంత్రాల మీదకు పొట్టి పిల్లలను ఎక్కనివ్వరు. ఇంటి దగ్గరే గోడకు నిలబెట్టి కొలిచి చూసుకుంటే అక్కడికి పోయి ఏడ్పించే అవసరం ఉండదు.

రెండు చోట్ల కూడా పెద్దవారి టిక్కెట్టు వెయ్యి రూపాయలు దాటుతుంది. అయిదుగురు ఉన్న ఇంటికి తిండి, బస కలుపుకుంటే ఇదే ప్రయాణంలో పెద్ద ఖర్చు. రెండు పార్కులూ ఒకే ప్రయాణంలో చూడాలనుకోవడం అనవసరం. ఒక్క పార్కు, ఒక్క రోజు చాలు. ఇంటి నుండి కట్టుకుపోయిన రొట్టెలు, అన్నం లోపలికి రానిస్తారో లేదో ముందే అడగడం మంచిది. గేటు వద్ద మూట విప్పించి పక్కన పెట్టిస్తే చిన్నతనంగా ఉంటుంది.

రాత్రి ఎక్కడ పడుకోవాలి?

అసలు కిటుకు ఇక్కడే ఉన్నది. మొదటి రోజు తెల్లవారు జామున జహీరాబాదులో బయలుదేరితే పార్కు తెరిచే వేళకు కొంచెం అటు ఇటుగా చేరవచ్చు. సాయంత్రం దాకా తిరిగి పిల్లలు అలసిపోతారు. ఆ రాత్రి అక్కడే బస. ఫిలింసిటీ లోపల సితార, తార అనే హోటళ్లున్నాయి. అవి భారమనుకుంటే హయత్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతంలో లాడ్జీలు దొరుకుతాయి.

కొందరు పార్కు వద్దనే రెండవ రాత్రి కూడా ఉండి, మూడవ రోజు కోడి కూతకు లేచి లాంచి వేళకు సాగరం చేరదామనుకుంటారు. ఇది పొరపాటు. హైదరాబాదు నుండి సాగరం సుమారు 150 కిలోమీటర్లు. ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా మూడు నాలుగు గంటల దారి. టైరు పంచరయినా, బస్సు ఆలస్యమయినా లాంచి ఎవరి కోసమూ ఆగదు. కనుక రెండవ రోజు పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నానికి సాగరం చేరాలి. రెండవ రాత్రి బస లాంచి రేవు దగ్గర ఉండాలి. పర్యాటక సంస్థ వారి విజయ విహార్ అక్కడ ఉన్నది.

ఆ సాయంత్రం కూడా వృథా పోదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్టను చూడవచ్చు. 2022లో ప్రారంభమైన బుద్ధవనం చూడవచ్చు. శ్రీశైలం దాకా లాంచి లేని రోజులలో కూడా నాగార్జునకొండకు చిన్న లాంచి ప్రయాణం ఉంటుంది. ఆనకట్ట నీటిలో మునిగిపోయే ఇక్ష్వాకుల నాటి విజయపురి నుండి తవ్వి తీసిన శిల్పాలను అక్కడ మ్యూజియంలో ఉంచారు. శుక్రవారం మ్యూజియానికి సెలవు. పెద్ద లాంచి రద్దయితే పిల్లలకు ఈ చిన్న ప్రయాణం మిగులుతుంది.

ఓడ ఎక్కడానికి ముందే చేరి ఉండడం ఈ ప్రాంతపు పెద్దలకు కొత్త విషయం కాదు. ఓడలలో హజ్ యాత్ర సాగిన కాలంలో యాత్రికులు రైలెక్కి బొంబాయి చేరి, ముసాఫిర్‌ఖానాలో కొన్ని రోజులు ఉండి, తరువాతనే జెడ్డా ఓడ ఎక్కేవారు. 1995తో ఆ ఓడ ప్రయాణం ఆగిపోయింది. 2022 జూన్‌లో విశాఖపట్నం నుండి పుదుచ్చేరి, చెన్నై వైపు పోయిన విహార నౌక సంగతీ ఇంతే. సముద్రమైనా నదైనా, రేవుకు ఒక రాత్రి ముందు చేరినవారికే నిశ్చింత.

బండి ఇక్కడ, మనుషులు అక్కడ

సొంత బండి మీద పోయేవారు మరచేది ఒకటున్నది. లాంచి ఎక్కి శ్రీశైలం చేరితే బండి సాగరంలోనే ఉండిపోతుంది. డ్రైవరు ఉంటే చుట్టూ తిరిగి శ్రీశైలానికి రమ్మనవచ్చు. లేకుంటే లాంచిలోనే తిరిగి వచ్చే టిక్కెట్టు తీసుకోవాలి. అందుకే ఈ ప్రయాణానికి బస్సే సుఖం. శ్రీశైలంలో దర్శనం చేసుకుని ఆర్టీసీ బస్సులో హైదరాబాదు రావచ్చు. శ్రీశైలం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది కనుక ఆడవారికి ఉచిత ప్రయాణం తెలంగాణ సరిహద్దు నుండే వర్తిస్తుంది.

ఇంకొక ముఖ్య విషయం. శ్రీశైలం నుండి హైదరాబాదు రోడ్డు పులుల అభయారణ్యం గుండా పోతుంది. రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల దాకా అడవి దారిని మూసివేస్తారు. దర్శనం ఆలస్యమైతే ఆ రాత్రి శ్రీశైలంలోనే ఉండాలి. దానికి కావలసిన డబ్బు ముందే పక్కన పెట్టుకోవాలి.

మరువరాని రెండు ఆదివారాలు

పై లెక్కలన్నీ డబ్బుకు, కాలానికి సంబంధించినవి. ప్రాణానికి సంబంధించిన లెక్క వేరే ఉన్నది.

2017 నవంబరు 12, కార్తీక మాసపు ఆదివారం. విజయవాడ వద్ద ఫెర్రీ ఘాట్ దగ్గర కృష్ణలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. ఆ పడవకు అనుమతి లేదు. 2019 సెప్టెంబరు 15, మళ్లీ ఆదివారమే. పాపికొండలు చూడబోయిన పడవ తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగింది. గోదావరి అప్పుడు వరద మీద ఉన్నది. పడవలో 70 మందికి పైగా ఉంటే 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు. హైదరాబాదు నుండి, వరంగల్లు దగ్గరి కడిపికొండ నుండి సెలవు రోజున సరదాగా పోయినవారు అందులో ఉన్నారు. మునిగిన పడవను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఒడ్డుకు లాగేసరికి అక్టోబరు 22 వచ్చింది.

ఆ పడవలు ఎక్కినవారు కూడా మనలాగే ఇంటి దగ్గర లెక్కలు వేసుకుని, పిల్లలను తయారు చేసుకుని బయలుదేరినవారే. వారి నుండి నేర్చుకోవలసినవి నాలుగు మాటలు. రేవులో ఎవరో పిలిచి తక్కువకు తీసుకుపోతామంటే ఆ పడవ ఎక్కరాదు. అనుమతి ఉన్న లాంచికే టిక్కెట్టు తీసుకోవాలి. లైఫ్ జాకెట్టు వేసుకోవాలి, పిల్లలకు వారి కొలతకు సరిపోయేది అడిగి తొడగాలి. ఉక్కపోస్తున్నదని, ఫొటోలో బాగుండదని విప్పరాదు. ఒడ్డున ఏదో కనిపించిందని అందరూ ఒకే వైపుకు పరుగెత్తరాదు.

సింగూరు నీరు చూసిన ధైర్యంతో సాగరాన్ని తేలికగా తీసుకోవడం తగదు. కొండల నడుమ నది లోతు వేరు, గాలి వేరు.

వద్దన్న రోజు వద్దు

గాలివాన ఉన్నదనో, వరద వస్తున్నదనో రేవులో లాంచి ఆపితే సిబ్బందితో తగవు పెట్టుకునేవారుంటారు. ఇంత దూరం వచ్చాము, ఇంత ఖర్చు పెట్టాము అంటారు. ఆ మాట అనవలసిన అవసరం రాకుండానే ప్రయాణం వేసుకోవాలి. రేవుకు ముందు రోజే చేరి, చేతిలో ఒక రోజు, కొంత డబ్బు మిగుల్చుకున్నవారు లాంచి లేదంటే నిశ్చింతగా వెనక్కు తిరగగలరు. పిల్లలు పార్కు చూశారు, ఆనకట్ట చూశారు. మల్లన్న దర్శనానికి బస్సు ఉన్నది. కృష్ణమ్మ మీద ప్రయాణం వచ్చే దసరాకు చేయవచ్చు.