మందు ముట్టని మనిషి, సారా కాచే పేగు

“చుక్క ముట్టనివాణ్ణి, నాకు ఫ్యాటీ లివరేంటండీ?”

కంపెనీ హెల్త్ చెకప్‌ల పుణ్యమా అని బెంగళూరు శివార్లలోని హెబ్బగోడి, ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల డాక్టర్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. స్కానింగ్ గదిలో డాక్టరు లివర్‌నూ, దాని పక్కనే ఉండే కుడి కిడ్నీనీ ఒకే తెర మీద చూస్తారు. మామూలుగా రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగులో ఉంటాయి. కొవ్వు చేరిన లివర్ కిడ్నీ కన్నా తెల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు కాస్త ఉంటే రిపోర్టులో ‘గ్రేడ్ 1’ అని పడుతుంది.

ఇది మనవాళ్లలో ఎంత మామూలైపోయిందో హైదరాబాద్‌లో లెక్క తీశారు. అక్కడి కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మంది లివర్‌లో కొవ్వు కనిపించింది. 71 శాతం మందికి ఊబకాయం. 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’లో వచ్చిందిది. ఇంత చిన్న లెక్కతో ఐటీ లోకమంతటికీ ముద్ర వేయలేం గానీ, ఇక్కడి హోసూరు రోడ్డు మీద చేసేవీ అవే ఉద్యోగాలు, అవే కుర్చీలు. అలాగని ఇది కుర్చీ జబ్బు మాత్రమే అనుకుంటే పొరపాటే. పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లా పల్లెల్లో చేసిన సర్వే 2010లో వెలువడింది. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లు అక్కడ 8.7 శాతమే. కానీ వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది బీఎంఐ 25 కూడా దాటలేదు.

బరువొక్కటే కారణమైతే లెక్కలు ఇలా ఉండవు. అమెరికాలోని డల్లాస్ గురించి 2004లో వచ్చిన అధ్యయనం చూస్తే హిస్పానిక్‌లలో 45 శాతం, తెల్లవాళ్లలో 33, నల్లవాళ్లలో 24 శాతం మందికి లివర్‌లో కొవ్వుంది. ఊబకాయంలో, షుగర్‌లో నల్లవాళ్లేమీ తీసిపోలేదు, అయినా లివర్‌లో కొవ్వు తక్కువ. ఈ తేడాలో కొంత భాగానికి పీఎన్‌పీఎల్ఏ3 అనే జన్యువు కారణమని 2008లో తేలింది. మిగతా దాని కోసం వెతుకుతూ పరిశోధకులు పేగుల్లోకి దిగారు.

పేగుల్లో రక్తం నేరుగా గుండెకు పోదు. పోర్టల్ సిర గుండా ముందు లివర్‌కు వెళ్తుంది. లివర్‌కు అందే రక్తంలో దాదాపు ముప్పావు వంతు ఇదే. అంటే పేగుల్లోని బ్యాక్టీరియా ఏం తయారుచేసినా మొదట రుచి చూసేది లివరే. పీచును పులియబెట్టి మేలు చేసే ఆమ్లాలిస్తాయి కొన్ని. పిండి పదార్థాలతో ఏకంగా సారా కాస్తాయి ఇంకొన్ని. ఇది మాటవరసకు అన్నది కాదు. బీజింగ్‌లో ఒక రోగి మందు ముట్టకుండానే, తీపీ పిండి వంటలూ తింటే చాలు మత్తెక్కిపోయేవాడు. అతని పేగుల్లో క్లెబ్సియెల్లా న్యుమోనియే బ్యాక్టీరియాలో ఆల్కహాల్ బాగా తయారుచేసే రకం దొరికింది. 2019లో వచ్చిన ఆ పరిశోధనలో అక్కడి ఫ్యాటీ లివర్ రోగుల్లో 60 శాతం మందిలో అలాంటి రకాలు కనిపించాయి. ఆ బ్యాక్టీరియాను ఎలుకల పేగుల్లోకి ఎక్కిస్తే ఎలుకల లివర్‌కూ కొవ్వు పట్టింది. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు పోర్టల్ సిర రక్తాన్నే పరీక్షించి 2022లో ఫలితాలు ప్రకటించారు. చేతి నరంలో తీసిన రక్తంతో పోలిస్తే అందులో ఆల్కహాల్ నూట ఎనభై ఏడు రెట్లు. జబ్బు ముదిరినకొద్దీ ఇంకా ఎక్కువ. లివరే దాన్ని దారిలో ఖర్చు చేసేస్తుంది కాబట్టి మామూలు రక్తపరీక్షలో దొరకదు.

మరి ఎవరి పేగుల్లో ఏ బ్యాక్టీరియా ఉండాలో జాతి తేలుస్తుందా? దీనికి ఆసక్తికరమైన జవాబు కూడా ఆమ్‌స్టర్‌డామ్‌లోనే ఉంది. ఆ నగరంలో ఉంటున్న ఆరు జాతుల వాళ్లు 2,084 మందిని పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. అది లివర్ అధ్యయనం కాదు, పేగుల అధ్యయనం. ఊరొక్కటే అయినా ఎవరి తరహా వారిదే. బ్యాక్టీరియా వైవిధ్యం డచ్చివాళ్లలో అందరికన్నా ఎక్కువ. అందరికన్నా తక్కువ ఎవరిలో? సూరినామ్ నుంచి వచ్చిన భారత సంతతిలో. 1873లో ‘లల్లా రూఖ్’ ఓడతో మొదలై కూలీలుగా దక్షిణ అమెరికాకు తరలిపోయినవాళ్ల మునిమనవలు వీళ్లు. తెలుగువాళ్లు కారు, ఎక్కువగా ఉత్తరాది పల్లెల నుంచి వెళ్లినవాళ్లు. తిండి, ఆదాయం, అలవాట్లు అన్నీ కలిపి చూసినా ఆ తేడాలో కొంతే అర్థమైంది.

ఇది చదివి ‘మన రక్తమే అంత’ అని చేతులెత్తేయబోతే అమెరికాలోని మిన్నెసోటా అడ్డొస్తుంది. థాయ్‌లాండ్ నుంచి అక్కడికి చేరిన హ్మాంగ్, కారెన్ జనాల పేగుల్లో నెలల్లోనే మార్పు మొదలైంది. పీచు తిండితో కలిసి కనిపించే ప్రివొటెల్లా తగ్గి, బాక్టీరాయిడిస్ పెరిగింది. వైవిధ్యం పడిపోయింది. అక్కడే పుట్టిన పిల్లల్లో మరీనూ. నాకు ఈ రెండు ఫలితాల మధ్య తగువు కనపడదు. జాతి అని రాసుకుంటున్న గడిలో జన్యువులతో పాటు తాతల వంటిల్లు, వలస, కూలి బతుకు అన్నీ కుక్కి ఉన్నాయి. ‘భారతీయులు’ అన్న గడైనా అంతే. భోపాల్ పేగుల్లో ప్రివొటెల్లా ఎక్కువ, కేరళ పేగులు వేరు అని 2019లోనే తేల్చారు.

హెబ్బగోడి సంగతికొస్తే, సూక్ష్మజీవులు ఈ ఊరికి కొత్త కాదు. మెట్రో స్టేషన్ పేరులోనే ఉన్న బయోకాన్ కంపెనీ ఈస్టు చేత ఇన్సులిన్ తయారు చేయిస్తుంది. వలస కూడా కొత్త కాదు. అనంతపురం, చిత్తూరు నుంచి వచ్చి పీజీల్లో, అద్దె గదుల్లో దిగినవాళ్లు ఎందరో. ఈ ఆనేకల్ నేల రాగి ముద్దది, రాయలసీమలో అదే సంగటి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2017 పట్టిక ప్రకారం వంద గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాముల పైచిలుకు, పాలిష్ బియ్యంలో మూడు గ్రాములు కూడా లేదు. పీజీ మెస్సులో పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం తెల్లన్నం, రాత్రి మళ్లీ తెల్లన్నం తింటే పేగుల్లో పీచు మేసేవాటికి మిగిలేదేముంది?

‘మీ పేగు బ్యాక్టీరియా చెబుతాం’ అంటూ అమ్మే కిట్లకు వేలు పోయడం మాత్రం దండగ. ఫలానా బ్యాక్టీరియా ఉంటే ఫలానా మందు అనే దశకు లివర్ వైద్యం ఇంకా రాలేదు. టేపుతో నడుము కొలుచుకోవచ్చు. మన మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. బరువులో ఐదు శాతం తగ్గినా లివర్ కొవ్వు కరగడం మొదలవుతుంది.

చద్దన్నం సంగతేంటని అడిగేవాళ్లుంటారు. చైనాలో 200 మంది రోగులతో చేసిన ట్రయల్‌లో రోజుకు 40 గ్రాముల చొప్పున నాలుగు నెలలు తేలిగ్గా అరగని పిండిపదార్థం ఇస్తే, పేగు బ్యాక్టీరియా మారి లివర్ కొవ్వు తగ్గింది. ఆ ఫలితాలు 2023లో వచ్చాయి. అన్నం చల్లారితే ఈ పిండి పెరిగే మాట నిజమే. ఒక అధ్యయనంలో వేడన్నంలో వంద గ్రాములకు 0.64 గ్రాములున్నది, ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి వేడిచేస్తే 1.65 అయింది. ఆ లెక్కన 40 గ్రాములు దక్కాలంటే రోజుకు దాదాపు రెండున్నర కిలోల అన్నం లాగించాలి!