రోగమునకు ముందు కట్టిన పైకము

2007 ఏప్రిల్ 1వ తేదీన ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందలి మహబూబ్‌నగర్, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీ ఆరంభమైన పిమ్మట, అంతవరకు కార్పొరేట్ ఆసుపత్రిని బస్సు కిటికీలోనుండి చూచుటయే గాని గడప తొక్కి యెరుగని రైతుకూలీ, తెల్లకార్డు చేతబట్టుకొని గుండె శస్త్రచికిత్సకై అందు ప్రవేశింపగలిగెను. పసుపు కుంకుమల క్రింద వచ్చిన యెకరమును అమ్మి, అది చాలక నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, అప్పటికిని రోగిని దక్కించుకొనలేని కుటుంబములను చూచినవారెవరును ఆ పథకమును తేలికగా మాటలాడజాలరు. నేనును మాటలాడను. కాని వైద్యమునకు వెల యెవరు చెల్లింతురను ప్రశ్నకు సమాధానమిచ్చిన ఆ పథకము, వైద్యమును అమ్మకపు వస్తువుగా నుంచవలెనా యను రెండవ ప్రశ్నను తాకనైన తాకలేదు.

ఏలయన, అందు కొనువాడు మారెనే గాని కొనుగోలు మారలేదు. రోగి స్థానమున ఆ పథకపు ట్రస్టు నిలిచి, చికిత్సకు నిర్ణయించిన ప్యాకేజీ చొప్పున ఆసుపత్రికి పైకము చెల్లించును. అనగా చాలవరకు కత్తి పడిన చోటికే సొమ్ము నడచును. మధుమేహముతోడను రక్తపోటుతోడను ఏండ్ల తరబడి నెట్టుకొనివచ్చు మనుష్యునకు నెలనెలా కావలసిన మాత్రలు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున ఉన్న ఉన్నట్లు, లేకున్న మందుల దుకాణమే గతి. ఆ మాత్రలు తప్పి తప్పి తుదకు మూత్రపిండములు చెడినప్పుడు మాత్రము డయాలిసిస్‌కు కార్డు పనికివచ్చును.

ఇట్లని ధర్మాసుపత్రిని పొగడుట సులభము కాదు. తెల్లవారుజామున వచ్చి ఓపీ చీటీకై వరుసలో నిలిచినవాడు మధ్యాహ్నమునకు స్కానింగు యంత్రము చెడినదని విని తిరిగిపోవుట, త్రోయువాని చేతిలో నోటు పడనిదే స్ట్రెచరు కదలకుండుట, మనకందరకు తెలిసిన భాగోతమే. చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన డాక్టరు ప్రతాప్ సి. రెడ్డి 1983లో మద్రాసున అపోలో ఆసుపత్రిని నెలకొల్పినది మొదలు, విదేశములకు పోయి చేయించుకొనవలసిన చికిత్సలు కొన్ని మనవారికి చేరువైనవనుటయు సత్యమే. అయినను, కెన్నెత్ ఆరో అను అమెరికా ఆర్థికవేత్త 1963లో విశదపరచినట్లు, వైద్యము కొనువానికి తాను కొనుచున్నదేమో తెలియదు. అది అవసరమో కాదో అమ్మువాడే చెప్పవలెను. చీర కొనబోయిన యిల్లాలు నేతను వ్రేళ్ళతో నలిపి చూచి, బేరమాడి, నచ్చనిచో మరియొక యంగడికి పోగలదు. రాత్రి రెండు గంటలకు ఐసీయూ తలుపువద్ద సంతకమడిగినప్పుడు ఆ యిల్లాలే యేమి బేరమాడగలదు?

బ్రిటనులో 1948 జూలై 5న జాతీయ ఆరోగ్యసేవను నెలకొల్పిన అన్యూరిన్ బెవన్, వైద్యము అమ్మకపు వస్తువా యను ఆ రెండవ ప్రశ్ననే పట్టుకొనెను. పదుమూడవ యేట బొగ్గుగనిలో దిగిన ఆ వేల్సు దేశీయుడు, తన ట్రెడిగర్ పట్టణమున కార్మికులు జీతములనుండి పెన్నీలు ప్రోగుచేసి తమ కుటుంబములకు వైద్యుని నిలుపుకొన్న సహాయసంఘమును చూచి పెరిగినవాడు. ఆరోగ్యముగా నున్ననాడు అందరును కట్టుట, రోగము వచ్చిననాడు ఎవరును కట్టకుండుట అను ఆ యూరి పద్ధతిని దేశమంతటికి విస్తరింపజేసి, ఆసుపత్రులనే ప్రభుత్వపరము గావించెను. వైద్యుల సంఘ మెదిరింపగా, పెద్ద నిపుణులకు ప్రైవేటు ప్రాక్టీసు అనుమతించి వారిని లోబరచుకొనెను. కట్టుడుపండ్లకును కళ్ళజోళ్ళకును రుసుము విధింప నిశ్చయించినప్పుడు 1951లో మంత్రిపదవినే వదలుకొనెను. మన వైద్యకళాశాలలలో చదివిన తెలుగు వైద్యులెందరో కొలువుచేయుచున్న ఆ సేవయందు, ఒక్క ఇంగ్లండులోనే చికిత్సకై వేచియున్న జాబితా 70 లక్షలు దాటినది. ఇది చిన్న లోపము కాదు. అయితే అచ్చట, ప్రమాదము జరిగిన రాత్రి, కోటీశ్వరుడును ఆ సర్కారు ఆసుపత్రి అత్యవసర విభాగమునకే పోవును గనుక, దాని జబ్బు పార్లమెంటులో వినబడును. మన మంత్రులును, కలెక్టర్లును, ఈ వ్యాసములు వ్రాయు మావంటివారును ఎన్నడో ధర్మాసుపత్రిని విడిచిరి. కార్డు వచ్చిన తరువాత, అచ్చట నిలిచి గట్టిగా అడుగవలసిన పేదవాడును శస్త్రచికిత్స మాటకు కార్పొరేట్ త్రోవ పట్టెను. అడుగువాడు లేని ఆసుపత్రి ఎట్లు బాగుపడును?

మనకు దారి తెలియక కాదు. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో ఏర్పడిన సంఘము, చెల్లింపజాలనందున ఎవ్వరికిని వైద్యము తప్పిపోరాదనియు, తొలిదశలో 40,000 జనాభాకు ఒక ప్రాథమిక కేంద్రముండవలెననియు 1946లోనే నివేదించెను. ప్రభుత్వ వైద్యవ్యయము 2025 నాటికి స్థూలదేశీయోత్పత్తిలో 2.5 శాతము కావలెనని 2017 జాతీయ ఆరోగ్యవిధానము సంకల్పించెను; కాలేదు. ఇంతలో 2023 డిసెంబరులో తెలంగాణ 10 లక్షల రూపాయలకును, ఆంధ్రప్రదేశము 25 లక్షలకును ఆరోగ్యశ్రీ కార్డు పరిమితిని పెంచినవి. పరిమితి పెంచుట జీవోతో పని, బకాయి తీర్చుట ఖజానాతో పని. బిల్లులు రాలేదని ఆ పథకపు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపిన దినములలో కార్డుదారునకు ధర్మాసుపత్రియే దిక్కగుచున్నది గనుక, ఇంకొక జీవో వెలువరించుటకు ముందు అచ్చటి వైద్యుల ఖాళీలు నింపి, మందుల గదిలో మధుమేహపు మాత్రలు మూడు నెలలకు చాలునట్లు నిలువయుంచుడని నేనడుగుదును.